రిస్క్ మేనేజ్‌మెంట్ పేపర్‌కు చెరువు గండి అభ్యాసం: 60 మంది, మూడు గంటలు, ఒక్క హాలు

పాలమూరు_క్లాసు | సోమవారం, రాత్రి 8:40
ఎంబీయే రెండో ఏడాది పిల్లలకు రిస్క్ మేనేజ్‌మెంట్ పేపర్ సిలబస్ పూర్తయింది. ముప్పు గుర్తించడం, సంభావ్యతకు 1 నుంచి 5, తీవ్రతకు 1 నుంచి 5 వేసి గుణించడం, ముప్పుల రిజిస్టర్ నింపడం అందరికీ వచ్చు. సమాచారం సగమే అందినప్పుడు ఏం తేల్చుకోవాలో మాత్రం పుస్తకంతో రాదు. అందుకే కృత్రిమ అత్యవసర పరిస్థితి ఒకటి పెట్టి నేర్పించాలని ఉంది. 60 మంది, మూడు గంటలు, ఒక్క హాలు, సాయానికి నలుగురు అధ్యాపకులు. గ్రౌండ్‌లో మాక్ డ్రిల్ పెట్టాలా, హాల్లో టేబుల్‌టాప్ చాలా? ఏ ఘటన తీసుకుంటే మన పిల్లలకు అందుతుంది? మార్కులు ఎలా వేయాలి? ఈ పని తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

మూసీగట్టు | సోమవారం, రాత్రి 9:25
సార్, గంట కొట్టి అందరినీ మెట్లు దింపేది డ్రిల్. ముందే తెలిసిన ఒక పనిని చేతులకు అలవాటు చేయడానికి అది కావాలి, కాదనను. మీరు నేర్పాలనుకున్నది తేల్చుకోవడం. దానికి టేబుల్‌టాప్ సరైనది. టేబుల్‌టాప్‌లో కూర్చుని మాట్లాడతారు. ఫంక్షనల్ అభ్యాసంలో అసలు పనిచేసినట్టే ఫోన్లు, రాతపూర్వక ఆదేశాలు, లాగ్‌బుక్ నడుస్తాయి, బండ్లూ మనుషులూ మాత్రం కదలరు. ఫుల్ స్కేల్ అంటే అన్నీ కదులుతాయి. మీకున్న మూడు గంటల్లో మొదటి అరగంట టేబుల్‌టాప్‌గా మొదలుపెట్టి తర్వాత ఫంక్షనల్‌లోకి తీసుకెళ్లొచ్చు. ఫుల్ స్కేల్ జోలికి వెళ్లకండి. అంబులెన్సు చూడటంలోనే సమయమంతా పోతుంది, పిల్లలు ప్రేక్షకులైపోతారు.

ఘటన విషయానికొస్తే చెరువుకు గండి తీసుకోండి. 2005 అక్టోబర్ 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర డెల్టా ప్యాసింజర్ ప్రమాదంలో వందమందికి పైగా చనిపోయారు. ఎగువన చెరువు తెగి వచ్చిన వరదకు చిన్న రైలు వంతెన కొట్టుకుపోయింది, దాని మీదికి బండి వచ్చింది. చెరువు ఒకరి రిజిస్టర్‌లో ఉంటుంది, వంతెన ఇంకొకరి రిజిస్టర్‌లో. రెంటినీ కలిపే గీత ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. మీ పిల్లలు కనిపెట్టాల్సింది ఆ గీతనే.

ఒక్క జాగ్రత్త: చెరువుకు, ఊరికి కల్పిత పేర్లు పెట్టండి. అసలు ఊరి పేరు పెడితే అభ్యాసం పక్కకు పోయి ఎవరిది తప్పన్న వాదన మొదలవుతుంది. దూరాలు, జనాభా, రోడ్లు మాత్రం నిజమైన మండలానివి పెట్టండి.

తూము_అలుగు | సోమవారం, రాత్రి 10:05
చెరువు తీసుకున్నప్పుడు చెరువు లెక్కనే ఉండాలె. “నీళ్లొచ్చినయి, కట్ట తెగింది” అని ఒక్క లైన్ల రాస్తే పిల్లలకు చేసేందుకు ఏం మిగలది. కట్ట ఒక్కసారే తెగదు, ముందుగాల గుర్తులు చూపిస్తది. గా గుర్తులే ఆట నడుమ పిల్లలకు ఒక్కోటిగ ఇచ్చే కబురు చీటీలు కావాలె.

మట్టికట్టకు పెద్ద భయాలు రెండు. ఒకటి, అలుగు (చెరువు నిండినంక మిగులు నీళ్లు పోయే దారి) సాలక నీళ్లు కట్ట మీదికెళ్లి పొర్లుడు. రెండోది బుంగ. కట్ట లోపలికెళ్లి నీళ్లు దారి చేసుకుని కింది దిక్కు ఊరుతయి. ఊరే నీళ్లు తేటగుంటే కాపలా పెట్టి చూడొచ్చు. బురదగ వస్తున్నయంటే కట్టల మట్టి కొట్టుకొస్తున్నదన్నట్టు, ఇగ టైం లేదు. పొలాలకు నీళ్లు ఇడిసే తూము పక్కపొంటి బుంగ పడుడు ఎక్కువ. కట్టిన గోడకు, మట్టికి నడుమ సందు ఉంటది గదా.

బుంగ కనపడంగనే కింది దిక్కు మట్టి బస్తాలు కుక్కి మూసేస్తమంటరు పిల్లలు. అది తప్పు. నీళ్లు ఇంకో దిక్కు దారి వెతుక్కుంటయి. కింది దిక్కు బుంగ చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగ పేర్చి లోపట నీటిమట్టం లేపాలె, అప్పుడు ఒత్తిడి తేడా తగ్గుతది. లేకుంటె ముందుగాల ఇసుక, దాని మీద సన్న కంకర, దాని మీద రాళ్లు ఏసి నీళ్లు పోనియ్యాలె, మట్టిని మాత్రం ఆపాలె. మూసుడేమన్న ఉంటె చెరువు లోపటి దిక్కు చెయ్యాలె.

అలుగు లెక్క గూడ ఇయ్యండి. 40 మీటర్ల అలుగు మీద 60 సెంటీమీటర్ల నీళ్లు పోతుంటె ఇంచుమించు 1,100 క్యూసెక్కులు (క్యూసెక్కు అంటె సెకనుకు ఒక ఘనపుటడుగు). అదే 90 సెంటీమీటర్లయితె 2,000 దాటుతది. ఎత్తు సగం పెరిగితె నీళ్లు దగ్గరదగ్గర రెండింతలు. అలుగుకు చాపల కోసం జాలీ కట్టి ఉంటె, దానికి గుర్రపుడెక్క అడ్డం పడితె, గీ లెక్కంత తారుమారు. జాలీ సంగతి ఒక చీటీల పెట్టుండ్రి. దాన్ని కోసేందుకు ఎవరు ఒప్పుకోవాలె, రాత్రిపూట ఎవరు పోవాలె అన్నది మంచి పంచాయితీ అయితది.

పాలమూరు_క్లాసు | సోమవారం, రాత్రి 10:30
ఇంత వివరం ఊహించలేదు, ధన్యవాదాలు అన్నా. ఇప్పుడు రెండు అనుమానాలు. 75 నిమిషాల ఆటకు ఎన్ని చీటీలు కావాలి? గడియారాన్ని ఆరింతలు వేగంగా తిప్పి సాయంత్రం 6 నుంచి రాత్రి 1:30 వరకు నడిపిద్దామనుకుంటున్నాను, ఇబ్బంది ఉందా?

మూసీగట్టు | మంగళవారం, ఉదయం 6:50
గడియారం వేగం పెంచొద్దు సార్. ఈ రకం అభ్యాసాల్లో అతిగా జరిగే పొరపాటు అదే. బస్సు ప్రయాణం ఆరింతలు వేగంగా అయిపోతుంది గానీ మనుషుల మాట అంతే సేపు పడుతుంది. రెండు నిమిషాల ఫోన్ కాల్ కథలో పన్నెండు నిమిషాలు తినేస్తుంది. “టైం చాలలేదు” అనేది పిల్లలకు నిజమైన సాకు అవుతుంది, చర్చలో ఏమీ తేలదు. దానికి బదులు మూడు అంకాలు పెట్టండి. ఒక్కో అంకం 25 నిమిషాలు, లోపల గడియారం మామూలుగానే నడవాలి. అంకానికీ అంకానికీ మధ్య “ఇప్పుడు రాత్రి 8:15, ఈలోగా జరిగింది ఇదీ” అని బోర్డు మీద రాసి దూకండి.

చీటీలు మొత్తం 18 చాలు, అంకానికి ఆరు. పాతిక దాటితే పిల్లలు చదవడమే తప్ప ఆలోచించరు. పది కన్నా తగ్గితే కబుర్లలో పడతారు. 18లో ఆరు దేనికీ పనికిరానివి ఉండాలి, ఒక జత ఒకదానికొకటి విరుద్ధంగా ఉండాలి. మొదటి అంకానికి నమూనా:

6:10. మండల కేంద్రంలో మూడు గంటల్లో 82 మిల్లీమీటర్ల వర్షం.
6:14. ఊరివాళ్ల ఫోన్: కట్ట కింద తూము పక్కన తడి కనిపిస్తోంది.
6:18. ఎమ్మెల్యే పర్యటన రేపు ఉంటుందా అని ఎవరో అడిగారు.
6:22. కరెంటు ఫీడర్ ట్రిప్ అయింది. సెల్ టవర్ బ్యాటరీ నాలుగు గంటలు వస్తుంది.
6:27. జేసీబీ ఉంది, డీజిల్ సగమే ఉంది. దారిలో కల్వర్టు మీద నీళ్లు పారుతున్నాయి.
6:31. వాట్సాప్‌లో “కట్ట తెగింది, పారిపోండి” అని వాయిస్ మెసేజ్ తిరుగుతోంది.

6:14 చీటీలో నీటి రంగు కావాలనే రాయలేదు. తిరిగి ఫోన్ చేసి “తేటగా ఉన్నాయా, బురదగా ఉన్నాయా?” అని అడిగిన జట్టుకే జవాబు దొరకాలి. అడగని జట్టుకు చెప్పొద్దు. మొత్తం అభ్యాసంలో ఈ ఒక్క చీటీ మీదే అరగంట చర్చ నడుస్తుంది.

రెండో అంకంలో బస్సుల లెక్క ఇవ్వండి. బాలికల హాస్టల్‌లో 140 మంది, 50 సీట్ల బస్సులు రెండు. మొదటి ట్రిప్పులో 100 మంది పోతారు, మిగిలిన 40 మందికి రెండో ట్రిప్పు కావాలి. కల్వర్టు మీద నీళ్లు అప్పటికి మోకాలి లోతుకు వస్తాయి. పారే నీళ్లు 30 సెంటీమీటర్లుంటే చిన్న కారు తేలిపోతుంది, 60 ఉంటే చాలా బండ్లు కొట్టుకుపోతాయి. వార్డెన్ రాతపూర్వక ఆదేశం లేనిదే కదలనంటుంది. ముందుగానే తరలిస్తే, చెరువు తెగకపోతే, రాత్రిపూట పిల్లలను వర్షంలో తిప్పారన్న మాట వస్తుంది. ఏది తేల్చినా దానికో మూల్యం ఉండేలా రాయాలి. మంచి దారి ఒక్కటే కనిపిస్తే అది అభ్యాసం కాదు, క్విజ్.

మనుషుల పంపకం ఇలా. ఎన్‌డీఎంఏ (జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ) 2010లో ఇచ్చిన ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ ప్రకారం కమాండ్, ఆపరేషన్స్, ప్లానింగ్, లాజిస్టిక్స్ బల్లలు నాలుగు, ప్రజలకు సమాచారం ఇచ్చేది ఐదోది. బల్లకు ఆరుగురు, అంటే 30 మంది. మిగతా 30 మంది పరిశీలకులు, ఒక్కొక్కరు ఒక్కో ఆటగాడి వెనుక కూర్చుని రాయాలి. మర్నాడు తారుమారు చేసి వేరే ఘటన ఆడించండి. అధ్యాపకుల్లో ఒకరు గడియారం, చీటీలు చూస్తారు. ఇద్దరు తెర వెనుక కూర్చుని తహసీల్దార్, స్టేషన్ మాస్టర్, ఊరి పెద్ద, వార్డెన్ ఎవరైతే వాళ్లుగా ఫోన్ ఎత్తుతారు. నాలుగోవారు భద్రతకు.

కంట్రోల్‌రూం_రాత్రిడ్యూటీ | మంగళవారం, ఉదయం 9:15
చీటీలు బాగున్నాయి. నా వైపు నుంచి మూడు సంగతులు.

పిల్లలకు ఇచ్చే ఫోన్ జాబితా కావాలనే పాతది ఇవ్వండి. 2016 అక్టోబర్‌లో పాత మహబూబ్‌నగర్ జిల్లా విడిపోయింది, 2019లో నారాయణపేట వేరైంది. వీఆర్వో పోస్టులు 2020లో రద్దయ్యాయి. పాత జాబితాలో వీఆర్వో పేరు, మహబూబ్‌నగర్ ఆఫీసు నంబరు ఉంటాయి. ఫోన్ చేస్తే “ఆ మండలం ఇప్పుడు మా జిల్లాలో లేదు” అని తెర వెనుక అధ్యాపకుడు చెప్పాలి. కాగితం మీద ప్రణాళిక ఉండటం వేరు, అది ఈ రోజుకు చెల్లడం వేరు అన్న సంగతి పిల్లలకు అక్కడ అర్థమవుతుంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద జిల్లా ప్రాధికార సంస్థకు కలెక్టరే అధ్యక్షులు, 112, 108, 101, జిల్లా కంట్రోల్ రూం 1077, ఇవి మాత్రం సరిగ్గా ఉండాలి.

రెండోది, ప్రతి మాట మొదట్లో, చివర్లో “ఇది అభ్యాసం” అనాలి, ప్రతి కాగితం మీద అదే ముద్ర ఉండాలి. ఫోన్లన్నీ పెట్టెలో పెట్టించండి. తెగిన చెరువు ఫొటో ఒకటి హాలు దాటి బయటకు పోతే పది నిమిషాల్లో పక్క మండలం ఖాళీ అవుతుంది. మాటలు ఇంటర్‌కమ్‌లోనో కాగితం మీదనో నడవాలి. దగ్గరి పోలీస్ స్టేషన్‌కు, అగ్నిమాపక కేంద్రానికి ముందురోజే లేఖ ఇవ్వండి.

మూడోది, నిజంగా ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే చెప్పడానికి ఒక మాట పెట్టుకోండి. “నిజం, నిజం, నిజం” అని మూడుసార్లు అంటే ఆట అక్కడికక్కడ ఆగాలి. కళ్లు తిరిగి పడిపోయిన పిల్లను చూసి బాగా నటిస్తోందని చప్పట్లు కొట్టే ప్రమాదం నిజంగా ఉంది. 2009 అక్టోబర్‌లో అలంపూర్ దిక్కు వరద చూసిన కుటుంబాల పిల్లలు మీ క్లాసులో ఉండొచ్చు. ఆడలేమన్నవాళ్లకు కారణం అడగకుండా పరిశీలకుల పని ఇవ్వండి.

చౌటుప్పల్_సేఫ్టీ | మంగళవారం, మధ్యాహ్నం 1:20
ముందుగా చెప్పి చేయడమా, చెప్పకుండా చేయడమా అన్నది ఎవరూ ఎత్తలేదు. తేదీ చెప్పండి, ఘటన చెప్పకండి. తేదీ కూడా చెప్పకుండా హఠాత్తుగా పెట్టేది, చాలాసార్లు అభ్యాసం అయిన జట్టుకు మాత్రమే. కొత్తవాళ్లకు అలా పెడితే భయం తప్ప ఏమీ గుర్తుండదు.

పక్కనే ఫార్మసీ, కెమిస్ట్రీ విభాగాలు ఉంటే రెండో రోజుకు క్లోరిన్ తీసుకోండి. నీటిశుద్ధి కేంద్రాల్లో 900 కిలోల క్లోరిన్ పట్టే టన్నర్లు (పెద్ద సిలిండర్లు) ఉంటాయి, కాబట్టి అది మన చుట్టుపక్కల లేని ముప్పు కాదు. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం ఆ నిబంధన వర్తించే ఫ్యాక్టరీలు లోపలి (ఫ్యాక్టరీ ఆవరణకు సంబంధించిన) అత్యవసర ప్రణాళికకు ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలి, బయటి (చుట్టుపక్కల జనానికి సంబంధించిన) ప్రణాళికకు ఏడాదికి ఒక్కసారైనా రిహార్సల్ జరగాలి. పిల్లలకు ఆ రెండు ప్రణాళికల తేడా ముందు చెప్పండి.

ఇక్కడ పిల్లలు చేసే తప్పు దాదాపు ప్రతిసారీ ఒకటే: లీక్ మీద నీళ్లు కొట్టమంటారు. లీకయ్యే చోట నీళ్లు పడితే ఆమ్లం తయారై రంధ్రం పెద్దదవుతుంది. టన్నర్‌ను తిప్పి లీకయ్యే భాగం పైకి వచ్చేలా చేస్తే ద్రవం బదులు వాయువు వస్తుంది, బయటికొచ్చే పరిమాణం బాగా తగ్గుతుంది. అది శిక్షణ ఉన్నవాళ్లు గాలి సిలిండర్ల మాస్కులతో చేసే పని. క్లోరిన్ గాలి కన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు, పల్లంలో పేరుకుంటుంది. కాబట్టి గాలికి ఎదురుగా, ఎత్తుకు పోవాలి. రెండో అంకంలో గాలి దిశ మార్చే చీటీ ఒక్కటి పెడితే చాలు, మొదటి అంకంలో తేల్చుకున్నవన్నీ మళ్లీ తేల్చుకోవాల్సి వస్తుంది. హాల్లో నిజమైన పొగ, మంట, వాసన ఏదీ వద్దు.

పాలమూరు_క్లాసు | మంగళవారం, సాయంత్రం 5:40
క్లోరిన్ రెండో రోజుకు రాసుకున్నాను మేడమ్. మొదటి రోజు మూడో అంకంలో ఇరవై మంది గాయపడినవాళ్లను కూడా చేరుద్దామా? ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్లు రంగు పూసుకుని వస్తామంటున్నారు.

వార్డు_ట్యూటర్ | మంగళవారం, రాత్రి 7:55
రంగులు వద్దు సార్. ఎర్ర రంగు కనిపించగానే అందరూ అక్కడే గుమిగూడతారు, బస్సుల సంగతి మరుస్తారు. ఇరవై కార్డులు చాలు. ఒక్కో కార్డు మీద నడవగలరా, శ్వాస నిమిషానికి ఎంత, మణికట్టు నాడి దొరుకుతోందా, చెప్పిన మాట వింటున్నారా అని నాలుగు లైన్లు రాయండి. కార్డు చదివి, ఎవరిని ముందు చూడాలో చెప్పే రంగు పేరు పిల్లలు తేల్చాలి. నడిచేవాళ్లు ఆకుపచ్చ. శ్వాసదారి తెరిచినా ఊపిరి లేకపోతే నలుపు. శ్వాస 30 దాటినా, నాడి అందకపోయినా, మాట వినకపోయినా ఎరుపు. మిగతావాళ్లు పసుపు. ఒక్కొక్కరికి అర నిమిషం, అంతకు మించితే కార్డు లాగేసుకోండి. గోరు నొక్కి రక్తం తిరిగొచ్చే సమయం చూడటం చీకట్లో కుదరదు, అందుకే నాడి రాయమన్నాను.

కార్డులు సరిగ్గా వేయడం మీ పాఠం కాదు. ఎరుపు ఏడుగురు తేలారు, అంబులెన్సులు రెండే ఉన్నాయి. ఎవరు ముందు, ఏ ఆసుపత్రికి? అది మీ ప్లానింగ్ బల్ల మీదికి రావాలి. అందరినీ దగ్గరి ఆసుపత్రికే పంపితే అక్కడ మళ్లీ గుంపు.

లెక్కల_సార్ | మంగళవారం, రాత్రి 9:10
గుణకారం మాట జర అడగనీయండి. సంభావ్యత 5, తీవ్రత 1 అయితె 5. సంభావ్యత 1, తీవ్రత 5 అయినా 5. హాస్టల్ల రోజు కరెంటు పోవుడు, చెరువు తెగి హాస్టల్ మునుగుడు రెండూ ఒకే గడిల కూసుంటయి, ఒకే రంగు పడ్తది. గా 1, 5 అంకెలు వరుస చెప్పేటియే, కొలత గాదు. వలిగొండసుంటి ఘటన ఆ పట్టికల ఎప్పుడూ ఆకుపచ్చగనే, అంటె ముప్పు తక్కువన్నట్టే, కనపడ్తది. అభ్యాసానికి ముందు పిల్లలతోని రిజిస్టర్ నీలం సిరాతోని నింపియ్యండి, అయినంక అదే కాయితం మీద ఎర్ర సిరాతోని దిద్దియ్యండి. ఎర్రగ మారిన గడులే వాళ్లు నేర్చుకున్నది.

ఇంకో ముచ్చట. పిల్లలకు వేగం లెక్క రావాలె. 11,574 క్యూసెక్కులు ఒక రోజంత పారితె ఒక టీఎంసీ, అంటె వంద కోట్ల ఘనపుటడుగులు. నాగార్జునసాగర్ 585 అడుగుల కాడ సుమారు 298 టీఎంసీలు, నిండు మట్టం 590 కాడ 312. నడుమ 14 టీఎంసీల లోపే. పోయేటియి తీసేస్తే నికరంగ లక్ష క్యూసెక్కులు వస్తుంటె రోజుకు 8.64 టీఎంసీలు, అంటె ఖాళీగున్న అయిదు అడుగులు 38 గంటలల్ల నిండుతయి. రెండు లక్షలయితె 19 గంటలు. “ఇంక అయిదడుగులుంది” అనే మాటకు అర్థం లేదు, “ఇంక ఎన్ని గంటలుంది” అని అడగాలె. చిన్న చెరువుకు గూడ గిదే లెక్క కట్టియ్యండి, కాకపోతె గంటలు కాదు, నిమిషాలయితయి.

పాలమూరు_క్లాసు | మంగళవారం, రాత్రి 9:45
నీలం, ఎరుపు సిరా పద్ధతి తప్పకుండా పెడతాను సార్. మార్కుల దగ్గర ఇంకా తేలలేదు. హాస్టల్ ఖాళీ చేసిన జట్టుకు ఎక్కువ ఇవ్వాలా?

మూసీగట్టు | బుధవారం, ఉదయం 7:05
ఇవ్వొద్దు. ఫలితానికి మార్కులిస్తే అదృష్టానికి ఇచ్చినట్టే. ఏమీ తెలుసుకోకుండా తరలించిన జట్టు, నీటి రంగు అడిగి కాపలా పెట్టిన జట్టు కన్నా పైకి వచ్చేస్తుంది. నిర్ణయాల లాగ్‌కు మార్కులివ్వండి. నిలువు గడులు ఆరు: సమయం, తెలిసింది, తెలియనిది, తేల్చింది, ఎవరు తేల్చారు, మళ్లీ ఎప్పుడు చూస్తాం. మూడో గడి ఖాళీగా ఉన్న లాగ్ అనుమానించాల్సిన లాగ్. 40 మార్కుల్లో లాగ్‌కు 15, దిద్దిన రిజిస్టర్‌కు 15, పరిశీలకుడి కాగితానికి 10. ముఖ్యంగా పరిశీలకుడి కాగితం మీద జరిగింది మాత్రమే ఉండాలి. “సరిగా స్పందించలేదు” అని రాస్తే సున్నా. “6:14 చీటీ 6:19కి చదివారు, 6:34 వరకు తిరిగి ఫోన్ చేయలేదు” అని రాస్తే మార్కులు.

మూడు గంటల్లో 20 నిమిషాలు వివరణ, 75 నిమిషాలు ఆట, 10 నిమిషాలు మంచినీళ్లు, మిగిలిన 75 నిమిషాలూ సమీక్షకే. ఆట సాగిందని సమీక్షను కోస్తే మొత్తం వృథా. నాలుగు ప్రశ్నలు వరుసగా: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, రేపు ఏం మారుస్తాం. మొదట పరిశీలకులు సమయాల ప్రకారం గోడ మీద చీటీలు అంటించాలి, అంతవరకు ఆటగాళ్లు మాట్లాడకూడదు. లేకపోతే గట్టిగా మాట్లాడే ఇద్దరి కథే అందరి కథ అవుతుంది. “ఎవరు మరిచిపోయారు” అని అడగొద్దు. “ఆ కబురు ఆ బల్లకు చేరడానికి ఏ దారి ఉంది” అని అడగండి. చాలాసార్లు దారే ఉండదు. రైల్వేకు ఫోన్ చేయాల్సింది ఆపరేషన్సా, సమాచార బల్లా అన్నది మీ వివరణ కాగితంలో కావాలనే రాయకండి. దాదాపు అన్ని జట్లూ అక్కడే ఆగిపోతాయి.

తూము_అలుగు | బుధవారం, ఉదయం 8:30
నాలుగో ప్రశ్నకు జవాబు “జాగ్రత్తగ ఉంటం” అని రాస్తె తీసుకోవద్దు. “అలుగు జాలీ జూన్ మొదటివారంల తీసేయాలె, ఫలానా వాళ్లు చూడాలె, ఫలానా తారీకు” అన్నట్టు ఉండాలె. పనికి మనిషి, తారీకు లేకుంటె అది రిజిస్టర్ల ఎక్కదు.

పాలమూరు_క్లాసు | బుధవారం, ఉదయం 10:10
అందరికీ కృతజ్ఞతలు. 18 చీటీలు, లాగ్ నమూనా, 20 కార్డులు ఈ ఆదివారంలోగా తయారుచేసి ఇక్కడే పెడతాను, తప్పులుంటే దిద్దండి. ఒక్క చివరి సందేహం: చీటీలు బల్లలకు ఎవరు తెచ్చివ్వాలి?

కంట్రోల్‌రూం_రాత్రిడ్యూటీ | బుధవారం, ఉదయం 10:35
ఒక్కరే తేవాలి, ఒక్క బల్లకే ఇవ్వాలి, అందరికీ వినిపించేలా చదవకూడదు. చీటీ వెనుక అందిన సమయం, తీసుకున్నవారి సంతకం రాయించండి. రెండు ప్రతులు తీయండి, తెల్లది బల్లకు, పసుపుది మీ దగ్గర. సమీక్షలో రెండు సమయాలూ పక్కపక్కన పెట్టొచ్చు.